కొత్త చేతుల్లో

1992లో చైనా దత్తత చట్టం అమల్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఆ దేశం విదేశీ దత్తతలను ఆపేసింది. ఈ మధ్యకాలంలో లక్షా అరవై వేలకు పైగా చైనా పిల్లలు పరదేశాల్లోని ఇళ్లకు చేరారు. వాళ్లలో సగం మంది అమెరికాకే వెళ్లారు. అమెరికా దంపతుల ప్రయాణాలన్నీ ఇంచుమించు ఒకే దారిలో సాగాయి. పెంచుకోవడానికి వచ్చిన దంపతులు ముందుగా బిడ్డ ఉన్న రాష్ట్రపు రాజధానిలో దిగేవారు: వుహాన్, నాన్‌చాంగ్, చాంగ్‌షా వంటి ఊళ్లలో. ప్రభుత్వ కార్యాలయంలోనో, హోటల్లోని ఒక హాల్లోనో బిడ్డను చేతికిచ్చేవారు. ఒకరికొకరు కుదురుకుంటారో లేదో చూసుకోవడానికి 24 గంటల గడువు ఉండేది. మర్నాడు సంతకాలు. తర్వాత పాస్‌పోర్టు కోసం కొన్ని రోజులు అక్కడే ఉండేవారు. అక్కడి నుంచి గ్వాంగ్‌జౌ వెళ్లి, వైద్య పరీక్ష, అమెరికా కాన్సులేట్‌లో వీసా పూర్తిచేసుకుని విమానం ఎక్కేవారు. మొత్తం రెండు వారాలు. ఈ రెండు వారాల్లో బిడ్డకూ పెద్దలకూ మధ్య ఏం జరుగుతుంది, శరీరంలో ఏం జరుగుతుంది, మెదడులో ఏం జరుగుతుంది అన్నదే ఈ అధ్యాయం.

ఆ హాల్లోకి ఒకసారి వెళ్దాం. పదమూడు నెలల పాప. ఒకదానిమీద ఒకటి మూడు నాలుగు జతల బట్టలు తొడగడంతో చేతులు దగ్గరికి రావు, పక్కలకు చాచుకుని ఉన్నాయి. ఆయా ఆమెను చంకనేసుకుని వచ్చింది. పేరు పిలిచారు. ఆయా రెండడుగులు ముందుకు వేసి పాపను ఒక కొత్తావిడ చేతికి అందించింది. ఆ కొత్తావిడ జుట్టు రంగు వేరు, ఒంటి వాసన వేరు, గొంతులోంచి వచ్చే మాట వేరు. పాప ఒక క్షణం బిగుసుకుపోయి, తల వెనక్కి తిప్పి ఆయాను చూసింది. ఆయా అప్పటికే గుమ్మం దగ్గరుంది. ఆ తర్వాత వచ్చే ఏడుపు చాలాసేపు ఆగదు. ఊపిరి తిప్పుకోవడానికి ఆగి మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగి, ఫొటో చూసుకుంటూ ఎదురుచూసిన దంపతులకు తాము కలలుగన్న తొలి నిమిషం ఇది. ఆ ఏడుపు విని, తమను బిడ్డ వద్దనుకుంటోందని వాళ్లు కుమిలిపోతారు.

నిజానికి దత్తత వైద్యులు ఈ ఏడుపు గురించి విన్నప్పుడు కాస్త స్థిమితపడతారు. ఏడెనిమిది నెలలు నిండాక పిల్లలకు తెలిసిన మొహం, తెలియని మొహం అన్న తేడా గట్టిగా ఏర్పడుతుంది. ఏడాది, ఏడాదిన్నర వయసులో అది పతాక స్థాయిలో ఉంటుంది. చైనా నుంచి ఆ రోజుల్లో వెళ్లిన పిల్లల్లో చాలామంది సరిగ్గా ఈ వయసువాళ్లే. ఒక ఆయాను పోగొట్టుకున్నందుకు బిడ్డ గుండెలవిసేలా ఏడ్చిందంటే, ఆ ఆయాను ఆమె తన మనిషి అనుకుందన్నమాట. ఒక మనిషిని తనదనుకోవడం నేర్చిన బిడ్డకు రెండో మనిషిని తనదనుకోవడం సాధ్యమే. అందుకే ఆ ఏడుపును ఆపడం కన్నా, ఏడుస్తున్నంతసేపూ వదలకుండా ఎత్తుకుని ఉండటం ముఖ్యం.

లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసిన జాన్ బోల్బీ ఈ విషయం మీదే జీవితమంతా గడిపాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఆయన రాసిచ్చిన నివేదిక, తల్లికి దూరమైన పిల్లల గురించి ప్రభుత్వాలు ఆలోచించేలా చేసింది. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక చిన్న చిత్రం తీశాడు. ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాపను రోజూ కొంతసేపు కెమెరాతో గమనించాడు. ఆ రోజుల్లో ఇంగ్లండు ఆసుపత్రులు తల్లిదండ్రులను లోపల ఉండనిచ్చేవి కావు. బోల్బీ, రాబర్ట్‌సన్ గమనించిన క్రమం ఇది. మొదట బిడ్డ ప్రతిఘటిస్తుంది: ఏడుపు, తలుపు వైపు చూపు, పెనుగులాట. తర్వాత నిస్పృహ: తిండి మీద మనసుండదు, బొమ్మ మీద ఆసక్తి ఉండదు. చివరగా తెగదెంపులు: బిడ్డ నవ్వుతుంది, తింటుంది, నర్సులతో ఆడుతుంది, కానీ తల్లి వచ్చి నిలబడితే మొహం తిప్పుకుంటుంది. ఆ మూడో దశను చూసి ఆసుపత్రులు "పాప సర్దుకుంది" అని రాసుకునేవి. అది సర్దుకోవడం కాదని రాబర్ట్‌సన్ పట్టుబట్టాడు. పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను రానివ్వడానికి ఆ చిత్రం ఎంతో తోడ్పడింది.

ఇప్పుడు మనం అసలు కష్టమైన బిడ్డ దగ్గరికి వస్తాం. ఆ హాల్లో ఏడవని బిడ్డ. కొత్త చేతుల్లోకి వచ్చి గోడ వైపు చూస్తూ ఉండిపోయిన బిడ్డ. పాలసీసా ఇస్తే తానే పట్టుకుని, అటు తిరిగి తాగుతుంది. పడి దెబ్బ తగిలినా ఎవరి వైపూ చూడదు, లేచి వెళ్లిపోతుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని హోటల్లో తోటి ప్రయాణికులు మెచ్చుకుంటారు. తల్లి మాత్రం రాత్రి పడుకున్నాక, నాతో దీనికి పనేముంది అనుకుంటుంది.

అమెరికాలో మేరీ డోజియర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఆమెతోపాటు పనిచేసిన చేస్ స్టోవాల్, కొంతకాలం బిడ్డను తమ ఇంట్లో సాకే ఫాస్టర్ తల్లులతో డైరీలు రాయించింది. బిడ్డకు దెబ్బ తగిలినప్పుడు, భయపడినప్పుడు, తల్లి కాసేపు కనబడనప్పుడు బిడ్డ ఏం చేసింది, దానికి తానేం చేసిందీ రోజూ రాయాలి. ఏడాదిలోపు వచ్చిన పిల్లలు సులువుగా కొత్త తల్లిని వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఏడాది దాటాక వచ్చినవాళ్లు తోసేయడమో, పట్టించుకోనట్టు ఉండటమో చేశారు. ఇక్కడిదాకా ఊహించగలిగిందే. డైరీల్లో ఇంకో సంగతి బయటపడింది. బిడ్డ తోసేస్తే తల్లులు కూడా వెనక్కి తగ్గుతున్నారు. బిడ్డ అక్కర్లేదన్నట్టు ఉంటే వాళ్లూ దగ్గరికి వెళ్లడం మానేస్తున్నారు. వాళ్లు మంచి తల్లులే, ఓర్పున్నవాళ్లే. అయినా బిడ్డ చూపించిన దానికి తగ్గట్టే నడుచుకున్నారు. అంటే పాత అనుభవాల నుంచి తెచ్చుకున్న తీరుతో బిడ్డ కొత్త ఇంట్లో కూడా పాత పరిస్థితినే తెచ్చిపెట్టుకుంటోంది.

డోజియర్ దీని మీద పది వారాల శిక్షణ తయారుచేసింది. శిక్షకులు ఇంటికే వచ్చి నేర్పుతారు. అందులో మొదటి పాఠం: బిడ్డ అడగకపోయినా ఓదార్పు ఇవ్వాలి. మోకాలు గీరుకున్న పాప మీవైపు చూడకుండా వెళ్లిపోతుంటే, మీరే వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని "అయ్యో, నొప్పి పుట్టిందా తల్లీ" అని చేయి వేయాలి. తోసేస్తే కొంచెం దూరంగా కూర్చోవాలి, కానీ లేచి వెళ్లిపోకూడదు. ఈ శిక్షణ పొందిన ఇళ్లలో, బెదిరినప్పుడు ఏం చేయాలో తోచక తల్లి దగ్గర తడబడే పిల్లలు 32 శాతం. వేరే శిక్షణ పొందిన ఇళ్లలో 57 శాతం. దత్తత ప్రయాణంలో ఉన్నవాళ్లకు చెప్పవలసింది ఒకే మాట అయితే నేను దీన్నే చెబుతాను: ఈ రెండు వారాల్లో బిడ్డ మిమ్మల్ని ప్రేమిస్తోందా అని చూసుకోవద్దు, బిడ్డకు కావలసింది బిడ్డ అడగక ముందే చేస్తున్నామా అన్నది చూసుకోండి.

ఇక హోటల్ గది. పరాయి దేశంలో ఉన్నామన్న ఇబ్బంది అందరికీ తెలుసు. నీళ్లు మరగబెట్టుకోవాలి, భాష రాదు, టైముకు నిద్ర రాదు. అమెరికా తూర్పు తీరానికీ చైనాకూ పన్నెండు, పదమూడు గంటల తేడా. కానీ ఆ పరాయి గదికి ఒక మేలు ఉంది. అక్కడ బిడ్డకు తల్లిదండ్రులు తప్ప వేరే దిక్కు లేదు. చుట్టాలు లేరు, చుట్టుపక్కలవాళ్లు లేరు, ఉద్యోగం లేదు, వంట లేదు. తినిపించడం, గుడ్డలు మార్చడం, నీళ్లు పోయడం, జోకొట్టడం అన్నీ ఆ నాలుగు చేతులే చేయాలి. రోజుకు ఇరవై మంది పిల్లల్ని చూసుకునే ఆయాలు షిఫ్టులు మారే చోటు నుంచి వచ్చిన బిడ్డకు, తెల్లారి లేచినా అర్ధరాత్రి లేచినా అదే మొహం కనబడటం పుట్టాక ఇదే మొదటిసారి కావచ్చు.

ఎత్తుకోవడం గురించి సైన్సు దగ్గర మంచి సమాచారమే ఉంది. 1958లో హ్యారీ హార్లో విస్కాన్సిన్‌లో కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టాడు. ఒకటి తీగలతో చేసింది, దానికి పాలసీసా ఉంది. ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టింది, పాలు లేవు. పిల్లలు పాలు తాగడానికి తీగ దగ్గరికి వెళ్లి, తాగగానే గుడ్డ దగ్గరికి వచ్చేసేవి. ఆ కోతిపిల్లల్ని పెట్టిన హింస చదువుతుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది, అయినా అవి నేర్పిన సంగతిని పక్కన పెట్టలేం. 1990లో న్యూయార్క్‌లో ఎలిజబెత్ ఆనిస్‌ఫెల్డ్ బృందం పేద తల్లుల్ని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు బిడ్డను గుండెకు కట్టుకునే మెత్తటి గుడ్డసంచీ, రెండో జట్టుకు పిల్లల్ని కూర్చోబెట్టే ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. పిల్లలకు పదమూడు నెలలు వచ్చేసరికి, గుడ్డసంచీ జట్టులో 83 శాతం పిల్లలకు తల్లితో భద్రమైన అనుబంధం కనిపించింది. కుర్చీ జట్టులో 38 శాతం. జపాన్‌లోని రైకెన్ సంస్థలో కుమి కురోడా బృందం ఇంకో సంగతి తేల్చింది. ఏడుస్తున్న పసిపిల్లను ఎత్తుకుని కూర్చుంటే లాభం తక్కువ, ఎత్తుకుని నడిస్తే గుండె వేగం తగ్గి ఏడుపు నెమ్మదిస్తుంది. అయిదు నిమిషాలు నడిచి, నిద్ర పట్టాక కూడా వెంటనే మంచం మీద వేయకుండా ఇంకో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే బిడ్డ లేవడం తగ్గుతుందని 2022లో వాళ్లు ప్రచురించారు. హోటల్ వరండాలో రాత్రి రెండింటికి బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగే తండ్రి చేస్తున్న పని అదే.

తిండి దగ్గర చాలామంది తడబడతారు. చైనా అనాథాశ్రమాల్లో పాలు చాలా వేడిగా, సీసా రంధ్రం పెద్దది చేసి, బియ్యప్పిండి కలిపి ఇవ్వడం మామూలుగా ఉండేది. అమెరికా నుంచి తెచ్చిన పాలపొడితో కలిపిన గోరువెచ్చని పాలు బిడ్డ ఉమ్మేస్తే అది పంతం కాదు. కొందరు పిల్లలు ఆపకుండా తింటారు, పళ్లెం తీసేస్తే పెడబొబ్బలు పెడతారు. రెండు చేతుల్లో రెండు బిస్కెట్లు పట్టుకుని, ఒకటి పిడికిట్లో అలాగే ఉండగా నిద్రపోతారు. ఆ పిడికిలి విప్పి బిస్కెట్టు తీసేయాలనిపిస్తుంది, పక్క పాడవుతుందని. తీయకపోతేనే మంచిది. రేపు కూడా తిండి ఉంటుందని ఆ బిడ్డకు మాటలతో చెప్పలేం. లేచి చూసుకున్నప్పుడు అది చేతిలోనే ఉండాలి. సీసా ఇచ్చేటప్పుడు మాత్రం చేతికిచ్చి వదిలేయకుండా ఒళ్లో పడుకోబెట్టుకుని, కళ్లలోకి చూస్తూ పట్టించాలి. చూపు కలపకపోయినా సరే.

ఇంకొక సంగతి మనసును గాయపరుస్తుంది: బిడ్డ ఇద్దరిలో ఒకరినే పట్టుకుని రెండోవారిని దగ్గరికి రానివ్వకపోవడం. ఎక్కువసార్లు తోసివేతకు గురయ్యేది తండ్రి, ముఖ్యంగా ఆశ్రమంలో మగమనిషినే చూడని పిల్లలున్న చోట. కొన్నిసార్లు తల్లి, ఎందుకంటే పోయింది ఒక ఆడమనిషి కాబట్టి. దీన్ని పోటీగా తీసుకుంటే రెండు వారాలూ కన్నీళ్లే. బిడ్డ పట్టుకున్నవారు పట్టుకోనిచ్చి, రెండోవారు పక్కనే ఉండి సీసా కలపడం, చెప్పులు తొడగడం, ఆడించడం చేస్తూ ఉంటే నెమ్మదిగా చేరిక అవుతుంది.

పెద్దల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. బిడ్డను చేతికి తీసుకోగానే ప్రేమ పొంగి రాలేదని చాలామంది లోలోపల సిగ్గుపడతారు. కన్నతల్లుల్లోనూ అందరికీ ఆ క్షణంలోనే రాదు. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం 2014లో తల్లుల, తండ్రుల మెదళ్లను స్కాన్ చేసి చూసింది. అమ్మ లేని ఇళ్లలో బిడ్డను పూర్తిగా తామే పెంచుతున్న తండ్రుల్లో, బిడ్డను చూసినప్పుడు మెదడులోని అమిగ్డలా తల్లుల్లో లాగే స్పందించింది. అమిగ్డలాకూ, ఎదుటి మనిషి మనసు చదవడానికి పనికొచ్చే భాగానికీ మధ్య లంకె ఆ తండ్రుల్లో బలంగా ఉంది. ఏ తండ్రి బిడ్డ సంరక్షణలో ఎంతసేపు గడిపితే ఆ లంకె అంత బలం. కడుపున మోయని మనిషి మెదడు కూడా బిడ్డ పనులు చేస్తూ చేస్తూ తల్లి మెదడు తీరుకు వస్తుంది. ముందు పని, తర్వాత ప్రేమ అయినా తప్పు లేదు.

మరోవైపు, కొందరు పిల్లలు మొదటి రోజే అందరికీ చేతులు చాస్తారు. లిఫ్టులో ఎదురైనవాళ్ల చంక ఎక్కుతారు, వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడరు. ఈ కలుపుగోలుతనం చూసి మురిసిపోకూడదు. లండన్ శిశుగృహాల్లో పెరిగిన పిల్లల్లో బార్బరా టిజార్డ్ 1970లలోనే దీన్ని గుర్తించింది. రొమేనియాలో చౌషెస్కూ పాలన 1989 డిసెంబరులో కూలాక, ఆశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలు బయటపడ్డారు. వాళ్లలోనూ ఇది కనిపించింది. బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా కలిసి ఆశ్రమాల్లోని 136 మంది పిల్లల్ని తీసుకుని, లాటరీ ద్వారా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. మూడున్నరేళ్ల వయసుకు, కుటుంబాలకు వెళ్లినవాళ్లలో దాదాపు సగం మందికి భద్రమైన అనుబంధం ఏర్పడింది. ఆశ్రమాల్లో ఉండిపోయినవాళ్లలో అది అయిదో వంతు కన్నా తక్కువ. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు. కొత్త మనుషుల దగ్గరికి చొరవగా వెళ్లిపోయే తీరు మాత్రం మిగతావాటికన్నా ఆలస్యంగా తగ్గింది. అందుకే ప్రయాణంలో ఎవరైనా ఎత్తుకోబోతే నవ్వుతూనే బిడ్డను మన భుజానికి తిప్పుకోవాలి. చైనా వీధుల్లో ఇది కష్టంగా ఉండేది. పెద్దవాళ్లు దగ్గరికి వచ్చి, పాపకు ఇంకో జత బట్టలు తొడగమని సైగలతో మందలించి వెళ్లేవారు. అది వాళ్ల ఆపేక్ష. నమస్కారం పెట్టి ముందుకు సాగడమే దారి.

బిడ్డ వెంట తెచ్చుకునేది తక్కువే. ఒంటి మీది బట్టలు, ఒక్కోసారి ఒక దుప్పటి. ఆ దుప్పటిని ఉతకకూడదు. పసిపిల్లలు తల్లిని వాసనతో గుర్తుపడతారని 1970ల నుంచీ ప్రయోగాలు చెబుతూనే ఉన్నాయి. ఆశ్రమం వాసన మనకు నచ్చకపోవచ్చు. బిడ్డకు ఆ గదిలో తెలిసినది అదొక్కటే. చెవులకు అందేది మరోటి ఉంది: భాష. మాంట్రియల్‌లో లారా పియర్స్ బృందం 2014లో ఒక అందమైన సంగతి చూపింది. ఏడాది వయసులో చైనా నుంచి ఫ్రెంచి ఇళ్లకు వచ్చి, ఆ తర్వాత చైనా భాష వినని, ఒక్క ముక్క రాని తొమ్మిది నుంచి పదిహేడేళ్ల ఆడపిల్లలకు చైనా భాషలోని స్వరాలు వినిపించారు. ఆ స్వరాలకు వాళ్ల మెదడు, ఇప్పటికీ చైనా భాష మాట్లాడే పిల్లల మెదడు లాగే ఎడమ వైపు స్పందించింది. ఫ్రెంచి మాత్రమే తెలిసిన పిల్లల్లో అలా జరగలేదు. మొదటి ఏడాది విన్నది చెరిగిపోదు. హోటల్లో ఉన్న ఆ రెండు వారాలు అక్కడి పాట పెట్టడం, బిడ్డను ఆయా పిలిచిన ముద్దుపేరుతోనే పిలవడం, "పాలు", "దా", "అయిపోయింది" లాంటి నాలుగు మాటలు ఆ భాషలోనే అనడం మర్యాద కోసం కాదు. ఆ బిడ్డకు అవి కాళ్ల కింది నేల.

గ్వాంగ్‌జౌలో పెరల్ నది ఒడ్డున షామియాన్ దీవిలో వైట్ స్వాన్ హోటల్ ఉంది. పాత అమెరికా కాన్సులేట్ దాని పక్కనే కావడంతో ఏళ్ల తరబడి దత్తత కుటుంబాలు చాలావరకు అక్కడే దిగేవి. ఆ హోటల్ ఫలహారశాలలో పదో రోజు పిల్లల్ని చూస్తే మార్పు తెలిసేది. పాప కొత్త వస్తువు ముట్టుకునే ముందు తల వెనక్కి తిప్పి తల్లి మొహం చూసేది. తల్లి నవ్వితే ముట్టుకునేది. మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లీబిడ్డల్ని గమనిస్తూ రాసుకున్నది ఇదే: తల్లిని ఆధారం చేసుకుని బిడ్డ లోకాన్ని అన్వేషిస్తుంది. విమానంలో ఈ చేరిక కాస్త వెనక్కి వెళ్తుంది. పది పదిహేను గంటలు, చెవుల నొప్పి, వెలుతురు మారడం. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మింగడానికి ఏదో ఒకటి ఇవ్వాలి, నడవాలి. ఇల్లు చేరాక మొదటి వారం మళ్లీ మొదటికి వచ్చినట్టు అనిపించడం సహజం.

మనవాళ్లకు ఇది దూరపు కథ కాదు. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉంటున్న తెలుగు దంపతులు కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా ఇక్కడి శిశుగృహాల పిల్లల్ని పెంచుకుంటున్నారు. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేటే ఇస్తున్నారు. ఆ తర్వాత పాస్‌పోర్టు, వీసా. ఆ ఎదురుచూపు రోజుల్లో వాళ్లకు ఒక అదృష్టం ఉంది: బిడ్డ తెలుగు నేల మీది శిశుగృహం నుంచి వచ్చిందైతే, ఆమె విన్న భాష వాళ్ల నోటనే ఉంది. ఒక చిక్కు కూడా ఉంది. వాళ్లు హోటల్లో దిగరు, పుట్టింట్లోనో అత్తింట్లోనో దిగుతారు. గుమ్మంలోనే పదిమంది నిలబడి ఉంటారు. "ఇటివ్వమ్మా, మా బంగారాన్ని నేనెత్తుకుంటా" అని అత్తగారు చేతులు చాస్తారు. ఆ ఆపేక్ష నిజమైనది, ఆ బిడ్డకు అవసరమైనది. కానీ ఆ నెల కాదు. "అత్తయ్యా, కొన్నాళ్లు తినిపించడం, ఎత్తుకోవడం మేమిద్దరమే చేస్తాం. దీనికి మేమెవరమో తెలియాలి. మీరు పక్కనే కూర్చుని కబుర్లు చెప్పండి" అని ముందే ఫోన్లో చెప్పుకుంటే మంచిది. పప్పన్నం ఆవిడే కలపనివ్వండి, ముద్ద మాత్రం తల్లి పెట్టాలి. ఊరంతటినీ పిలిచి బారసాల చేయాలన్న తొందర కూడా వద్దు. పాప ఇల్లంతా తిరుగుతూ గడప తట్టుకుని పడి, ఎత్తుకోబోయిన నలుగురినీ తప్పించుకుని అమ్మ కోసమో నాన్న కోసమో వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్లిన రోజున పంతులుగారిని ముహూర్తం అడగవచ్చు.